మురుగు తాగునీరయ్యే దారిలో అసలు కష్టం ఎక్కడుంది?

కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీలో ఇళ్ల నుంచి మురుగు పైపుల్లోకి పోయిన నీరు శుద్ధి అయి, భూమిలోకి ఇంకి, కొన్నాళ్లకు బోర్ల ద్వారా మళ్లీ అవే ఊళ్ల కుళాయిల్లోకి వస్తుంది. ఇందులో దాపరికం ఏమీ లేదు, అక్కడి జనానికి చెప్పే చేస్తున్నారు. ఫౌంటెన్ వ్యాలీ అనే ఊళ్లో ఉన్న ఈ శుద్ధి కేంద్రం 2008లో మొదలైంది. 2015లో ఒకసారి, 2023లో మరోసారి దాన్ని పెంచారు. ఇప్పుడు రోజుకు దాదాపు 49 కోట్ల లీటర్ల నీటిని ఇవ్వగలదు. పది లక్షల మందికి సరిపోయేంత నీరు.

ఈ సంగతి చెబితే ఎవరైనా ముందు ముఖం చిట్లిస్తారు. తర్వాత అడిగేది ఒకటే: మురుగును అంత శుభ్రంగా చేయగలరా? చేయగలరు. మన వంటింటి గోడకు తగిలించుకున్న ఆర్‌ఓ యంత్రంలోని పొర లాంటిదే అక్కడా ఉంటుంది, కాకపోతే వేల సంఖ్యలో గొట్టాల్లో చుట్టి పెట్టి ఉంటుంది. శుభ్రం చేయడం కన్నా కష్టమైన పని ఇంకొకటి ఉంది. ఈ నిమిషంలో పైపులో పోతున్న ఈ నీరు నిజంగానే శుభ్రంగా ఉందని ఎలా తెలుసుకోవాలి? మనం పరీక్ష పెట్టని, అసలు ఉందని కూడా తెలియని రసాయనం సంగతేమిటి? యాభై ఏళ్లుగా ఈ రంగంలో విశ్వవిద్యాలయాలు చేసిన మంచి పరిశోధన చాలావరకు ఈ రుజువు చుట్టూనే తిరిగింది. ఆ కథ తెలిస్తే మన మూసీ గురించి, మన మురుగు శుద్ధి కేంద్రాల (ఎస్‌టీపీల) గురించి కూడా కాస్త గట్టిగా మాట్లాడవచ్చు.

పొర ఎక్కడ పుట్టింది

1950ల్లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో చార్లెస్ రీడ్ బృందం సెల్యులోజ్ అసిటేట్ అనే పలుచని పొర ఉప్పును ఆపి నీటిని మాత్రం పంపుతుందని చూపించింది. కానీ నీరు చుక్కలు చుక్కలుగా తప్ప వచ్చేది కాదు. ప్రయోగశాలలో చూపడానికి బాగుంటుంది, ఊరి దాహం తీర్చడానికి పనికిరాదు. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సిడ్నీ లోబ్, మన దేశం నుంచి వెళ్లిన శ్రీనివాస సౌరిరాజన్ కలిసి 1950ల చివర్లో ఆ చిక్కు విప్పారు. పైన అతి పలుచగా, గట్టిగా ఒక చర్మం, దాని కింద బోలుగా ఉండే మందపాటి ఆధారం. ఉప్పును ఆపే పని ఆ పలుచని పైభాగానిదే కాబట్టి నీటి వేగం ఎన్నో రెట్లు పెరిగింది. 1965లో కాలిఫోర్నియాలోనే కోలింగా అనే చిన్న ఊళ్లో ఈ పద్ధతితో ఉప్పునీటిని తాగునీరుగా మార్చడం మొదలుపెట్టారు. ఈరోజు మనం ఇరవై లీటర్ల క్యాన్‌లో కొనుక్కునే నీళ్ల వెనక ఉన్నది ఆ పనే.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. ఆర్‌ఓ పొర అనగానే మనకు జల్లెడ గుర్తొస్తుంది. కానీ దశాబ్దాలుగా ఇంజినీరింగ్ పాఠ్యపుస్తకాలు చెప్పింది వేరు: పొరలో రంధ్రాలంటూ లేవు, నీరు ఆ పదార్థంలో కరిగి, మెల్లగా విస్తరించి అవతలి వైపు తేలుతుంది అని. 2023లో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన మెనాహెమ్ ఎలిమెలెక్ బృందం దీన్ని సవాలు చేసింది. పొరలో అతి సూక్ష్మమైన ఖాళీలు ఉన్నాయని, పీడనం వల్ల నీరు గుంపులుగా వాటి గుండా ప్రవహిస్తుందని వాళ్ల వాదన. ప్రపంచమంతా రోజూ వాడుతున్న వస్తువు ఎలా పనిచేస్తుందన్న దాని మీద అరవై ఏళ్ల తర్వాత కూడా చర్చ నడుస్తోంది! ఇది పండితుల గొడవ అని కొట్టిపారేయకూడదు. ఏ అణువు ఆగుతుంది, ఏది జారిపోతుంది అన్నది ముందే ఊహించాలంటే ఈ లెక్క తేలాల్సిందే.

ఆరెంజ్ కౌంటీ ఈ దారి పట్టడానికి కారణం సముద్రం. బోర్ల నుంచి అతిగా తోడేయడంతో పసిఫిక్ ఉప్పునీరు భూగర్భంలోకి చొచ్చుకొచ్చింది. మన కోస్తాలో తీరం పొడవునా బావులు ఉప్పెక్కే తీరు చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. దాన్ని ఆపడానికి తీరం దగ్గర వరుసగా బావులు తవ్వి, వాటిలోకి మంచినీటిని ఒత్తిడితో దించి, భూమి లోపలే ఒక నీటి గోడ కట్టారు. ఆ మంచినీటి కోసం 1976లో వాటర్ ఫ్యాక్టరీ 21 అనే కేంద్రం మొదలైంది. మురుగు నుంచి వచ్చిన నీటిని ఆర్‌ఓతో శుద్ధి చేసి భూమిలోకి దించడంలో అది ప్రపంచానికే దారి చూపింది. ఆ నీటిలో ఏయే కర్బన రసాయనాలు మిగులుతున్నాయో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన పెర్రీ మెకార్టీ, మార్టిన్ రైన్‌హార్డ్ వంటివాళ్లు ఏళ్ల తరబడి కొలిచారు. నీటి సరఫరా సంస్థ ప్లాంటు తలుపులు తెరిచిపెట్టింది, విశ్వవిద్యాలయం పరికరాలతో లోపలికి వెళ్లింది. తర్వాత జరిగిన మంచి అంతా ఆ అలవాటు నుంచే వచ్చిందని నా నమ్మకం.

జారిపోయిన చిన్న అణువు

ఇప్పుడున్న కేంద్రంలోకి వచ్చేది పచ్చి మురుగు కాదు. పక్కనే ఉన్న పారిశుధ్య కేంద్రంలో మామూలు పద్ధతిలో, బాక్టీరియాతో ఒకసారి శుద్ధి అయిన నీరు. మన ఎస్‌టీపీల్లో చాలావాటిలో పని అక్కడితో ఆగిపోతుంది, ఆ నీరు నదిలోకో చెరువులోకో పోతుంది. ఫౌంటెన్ వ్యాలీలో మాత్రం అసలు పని అక్కడ మొదలవుతుంది. ముందు మైక్రోఫిల్ట్రేషన్: దారాల్లాంటి బోలు గొట్టాల గోడల గుండా నీటిని పంపి బాక్టీరియాను, మలినాల తునకలను వడకడతారు. తర్వాత వాతావరణ పీడనానికి పది రెట్లకు పైగా ఒత్తిడితో ఆర్‌ఓ. ఆ తర్వాత హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి బలమైన అతినీలలోహిత (యూవీ) కాంతి కిందుగా పంపుతారు. చివర్లో కొంచెం సున్నం.

ఆర్‌ఓ తర్వాత ఇంకా ఆ యూవీ దీపాలెందుకు? దీని వెనక ఒక చిన్న అణువు ఉంది. దాని పేరు ఎన్-నైట్రోసోడైమిథైలమైన్, పొట్టిగా ఎన్‌డీఎంఏ. క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉన్న పదార్థాల్లో ఒకటి. కడుపులో మంటకు మనం ఎడాపెడా వాడిన రానిటిడిన్ మాత్రలను 2020లో అమెరికా మార్కెట్ నుంచి తీసేయమన్నది ఈ పదార్థం వల్లే. అంతకుముందు కాలిఫోర్నియాలో ఇది రాకెట్ ఇంధనంతో ముడిపడిన కాలుష్యంగానే పేరుపడింది, రాకెట్ ఇంజిన్లు పరీక్షించే చోట్ల బావుల్లో కనిపించేది. అలాంటిది 2000లో ఆరెంజ్ కౌంటీ శుద్ధజలంలోనూ ఉందని తేలింది. రాకెట్లకూ ఇళ్ల మురుగుకూ సంబంధం ఏమిటి?

జవాబు 2002లో రెండు విశ్వవిద్యాలయాల నుంచి, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వచ్చింది. బర్కిలీలో విలియం మిచ్, డేవిడ్ సెడ్లక్. అయోవా విశ్వవిద్యాలయంలో చోయ్, వాలెంటైన్. వీళ్లు చెప్పింది ఏమిటంటే, ఆ పదార్థం బయటి నుంచి రానక్కర్లేదు, శుద్ధి ప్రక్రియలోనే పుడుతోంది. క్లోరిన్, అమ్మోనియా కలిస్తే క్లోరామిన్ అవుతుంది. అది మంచి క్రిమిసంహారిణి. దాన్ని వాడకపోతే పొరల మీద పాచి పట్టి కొద్ది రోజుల్లో మూసుకుపోతాయి. కానీ మూత్రంలో సహజంగా ఉండే డైమిథైలమైన్ లాంటి పదార్థాలతో అదే క్లోరామిన్ కలిసి ఎన్‌డీఎంఏగా మారుతుంది. పొరను కాపాడే మందే విషం పుట్టిస్తోందన్నమాట. మందు ఆపితే పొర పాడవుతుంది, వాడితే నీరు పాడవుతుంది.

పైగా ఈ అణువును ఆర్‌ఓ సరిగా ఆపలేదు. నీటి అణువు కంటే నాలుగు రెట్లే బరువు, విద్యుదావేశం లేదు, నీటిలో బాగా కలుస్తుంది. ఉప్పును 99 శాతం ఆపే పొర దీన్ని సగం వరకు వదిలేస్తుంది. కాలిఫోర్నియా పెట్టుకున్న హెచ్చరిక స్థాయి లీటరుకు 10 నానోగ్రాములు. నానోగ్రామంటే గ్రాములో వంద కోట్లో వంతు. అందుకే యూవీ దీపాలు. ఈ అణువులో రెండు నైట్రోజన్ పరమాణువుల మధ్య ఉన్న బంధం అతినీలలోహిత కాంతికి తెగిపోతుంది. కాకపోతే క్రిములను చంపడానికి వాడే మోతాదు చాలదు, దానికి సుమారు పది రెట్లు కావాలి, కరెంటు బిల్లు కూడా ఆ మేరకే. కాంతికి తెగని 1,4-డయాక్సేన్ లాంటి మొండి ద్రావకాల కోసమే పెరాక్సైడ్. యూవీ తగలగానే అది చీలి హైడ్రాక్సిల్ ర్యాడికల్స్ పుడతాయి, అవి ఎదురుపడ్డ కర్బన అణువునల్లా విరగ్గొడతాయి.

ఈ ఒక్క అణువు కథ చాలు, మొత్తం రంగం తీరు అర్థం కావడానికి. ఒక అంచె వేస్తారు, దాని గుండా ఏదో జారుతుంది, లేదా ఆ అంచే కొత్తగా ఏదో పుట్టిస్తుంది. ఎవరో ఒకరు ఓపికగా కొలిచి పట్టుకుంటారు, అప్పుడు ఇంకో అంచె పుడుతుంది.

మరీ శుభ్రమైన నీటితో ఒక తంటా

దీపాల కింద నుంచి వచ్చిన నీరు మామూలు కుళాయి నీటి కంటే ఖనిజాలు తక్కువగా, దాదాపు డిస్టిల్డ్ వాటర్‌లా ఉంటుంది. అలాంటి నీరు సిమెంటు పైపులను తినేస్తుంది, అందుకే సున్నం కలుపుతారు. అంతవరకు పాత జ్ఞానమే. ఆ నీటిని అనాహైమ్ దగ్గర ఇంకుడు చెరువుల్లోకి వదిలినప్పుడు భూమి లోపల ఏం జరుగుతుందన్నది మాత్రం స్టాన్‌ఫర్డ్‌కు చెందిన స్కాట్ ఫెండార్ఫ్ బృందం నీటి సంస్థ శాస్త్రవేత్తలతో కలిసి 2015లో ప్రచురించిన పనితోనే బాగా తెలిసింది.

ఆ మట్టి పొరల్లో సహజంగానే కొద్దిపాటి ఆర్సెనిక్ ఉంది. బంకమట్టి రేణువుల మీద రుణావేశం ఉంటుంది, నీటిలో ఆర్సెనిక్ ఉండే రూపానిదీ రుణావేశమే. ఈ రెండూ వికర్షించుకోవాలి. మధ్యలో కాల్షియం, మెగ్నీషియం అయాన్లు చేరి ఇరువైపులా పట్టుకుని ఉంటాయి కాబట్టే ఆర్సెనిక్ మట్టిని అంటిపెట్టుకుని ఉంటుంది. ఖనిజాలు లేని నీరు ఇంకేసరికి ఆ కాల్షియం, మెగ్నీషియం నీటిలోకి వచ్చేస్తాయి, పట్టు వదిలిన ఆర్సెనిక్ కూడా వెంట వస్తుంది. మురుగులో లేని విషం, శుద్ధి చేసిన నీరు తగలడం వల్ల భూమిలోంచి ఊడి వస్తోంది! పరిష్కారం మాత్రం చవకైనదే: నీటిని భూమిలోకి వదిలే ముందే సున్నంతో కాల్షియం, మెగ్నీషియం పాళ్లు పెంచడం. పరీక్ష ప్లాంటు గేటు దగ్గర ఆగిపోయి ఉంటే ఇది ఎప్పటికీ బయటపడేది కాదు.

రుజువైనంత వరకే మార్కులు

ఇప్పుడు క్రిముల సంగతి. ఇక్కడ లెక్క ‘లాగ్’లలో నడుస్తుంది. ఒక లాగ్ అంటే పదింట తొమ్మిది వంతులు పోయి ఒక వంతు మిగలడం, రెండు లాగ్‌లంటే నూటికి ఒకటి మిగలడం. భూగర్భంలోకి దించే నీటికి వైరస్‌ల విషయంలో కాలిఫోర్నియా పెట్టిన నిబంధన 12 లాగ్‌లు. అంటే పచ్చి మురుగులో లక్ష కోట్ల వైరస్‌లుంటే చివరికి ఒక్కటి.

ఆర్‌ఓ పొర ఉప్పు అయాన్లనే ఆపుతుంది, వైరస్ వాటికంటే ఎంతో పెద్దది. కాబట్టి దాదాపు అన్నిటినీ ఆపాలి. అయినా నిబంధనల ప్రకారం ఆర్‌ఓకు దక్కేది మహా అయితే రెండు లాగ్‌లు. ఎందుకంటే పొర బాగుందో లేదో క్షణక్షణం తెలుసుకోవడానికి చేతిలో ఉన్నది నీటి విద్యుద్వాహకత కొలత, అంటే ఉప్పు ఎంత మిగిలిందన్న లెక్క. ఉప్పే 99 శాతం ఆగుతుంటే, ఆ కొలతతో 99 శాతానికి మించి ఏదీ రుజువు చేయలేం. ఎక్కడో ఒక రబ్బరు రింగు కాస్త పక్కకు జరిగినా ఉప్పు లెక్కలో పెద్ద తేడా కనపడదు, కానీ ఆ సందులోంచి వైరస్‌లు దూరిపోతాయి. వైరస్‌ను నేరుగా పెంచి చూసే పరీక్షకు రోజులు పడుతుంది, ఈలోగా నీరు కుళాయికి చేరిపోతుంది. అందుకే మెరిసే రంగు అణువులు కలిపి అవతల ఎంత తేలిందో చూడటం, నీటిలో సహజంగా మెరిసే కర్బన పదార్థాన్ని కాంతితో కొలవడం లాంటి పద్ధతుల మీద ఇంత పరిశోధన. పొర అదే, రుజువు మెరుగైతే మార్కులు పెరుగుతాయి.

భూమికి కూడా మార్కులున్నాయి: నీరు నేలలో గడిపే ఒక్కో నెలకు ఒక్కో లాగ్, ఆరు దాకా. అయితే నేల ఇచ్చే అసలు మేలు వడకట్టడం కన్నా వ్యవధి ఇవ్వడం. ఏదైనా తేడా జరిగితే నీరు బోరుకు చేరేలోగా తెలుసుకుని ఆపడానికి నెలల సమయం ఉంటుంది. కాలిఫోర్నియా ఇప్పుడు ఆ నేలను కూడా తప్పించి శుద్ధజలాన్ని నేరుగా తాగునీటి వ్యవస్థలోకి పంపడానికి అనుమతించింది. 2023 డిసెంబరులో ఆమోదించిన ఆ నిబంధనలు 2024 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చాయి. అక్కడ వైరస్ లక్ష్యం 20 లాగ్‌లు. ఒక అంచె చెప్పాపెట్టకుండా చెడిపోయినా మిగిలినవి చాలాలన్న లెక్క అందులో ఉంది. నెలల వ్యవధి పోయినప్పుడు ఆ లోటు సెన్సార్లు, అదనపు అంచెలు పూడ్చాలి.

పేరు తెలియని రసాయనాల మాటేమిటి? పరీక్షల జాబితాలో ఉన్నవాటినే వెతికితే లేనివి దొరకవు. ఎన్‌డీఎంఏ పుట్టుకను తేల్చిన మిచ్ ఇప్పుడు స్టాన్‌ఫర్డ్‌లో ఉన్నారు. ఆయన బృందం 2022లో వేరే దారి ఎంచుకుంది. నీటిలోని పదార్థాలను గాఢంగా చేసి, హ్యామ్‌స్టర్ అండాశయ కణాల మీద ప్రయోగించి, కణాలకు ఎంత హాని జరుగుతోందో చూసింది. ఆర్‌ఓ దాటిన పునర్వినియోగ జలం, నదుల నుంచి మామూలుగా శుద్ధి చేసే తాగునీటి కంటే తక్కువ హాని చేసింది. ఇంకో సంగతి కూడా బయటపడింది. చట్టం పరిమితులు పెట్టిన రసాయనాల వాటా ఆ హానిలో చాలా స్వల్పం. అంటే ఏది కొలవాలో నిర్ణయించే జాబితానే మళ్లీ చూసుకోవాలి.

నది నీరు వెనకబడటంలో వింతేమీ లేదు. ఏ పెద్ద నదిలోనైనా పై ఊళ్ల మురుగు ఉంటుంది. హైదరాబాద్ మురుగును మోసుకొచ్చే మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. దానికి దిగువన పులిచింతల, ఇంకా కింద ప్రకాశం బ్యారేజీ, విజయవాడ. పునర్వినియోగం వద్దనుకునే హక్కు మనకు ఎప్పుడో పోయింది. తెలిసి చేస్తున్నామా, తెలియకుండా చేస్తున్నామా అన్నదే తేడా.

మన దగ్గర ఈ లెక్క ఎలా ఉంటుంది

దేశంలో పట్టణాల నుంచి రోజూ దాదాపు 7,236 కోట్ల లీటర్ల మురుగు వస్తుంటే, నిజంగా శుద్ధి అవుతున్నది 2,023 కోట్ల లీటర్లని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021 నివేదిక చెప్పింది. అందులోనూ ఎక్కువ భాగం బాక్టీరియాతో చేసే శుద్ధి వరకే. చెన్నైలో కోయంబేడు, కొడుంగైయూర్ కేంద్రాలు ఒక్కొక్కటి రోజుకు నాలుగున్నర కోట్ల లీటర్ల మురుగునీటిని ఆర్‌ఓ దాకా తీసుకెళ్లి పరిశ్రమలకు ఇస్తున్నాయి. అది సరైన దిశ.

కోలార్ ఇంకో రకం. తెలుగు ఇంటింటా వినిపించే ఆ కరువు జిల్లా చెరువులకు 2018 నుంచి బెంగళూరు మురుగును శుద్ధి చేసి పంపుతున్నారు. పథకం సామర్థ్యం రోజుకు 44 కోట్ల లీటర్లు, అంటే ఆరెంజ్ కౌంటీకి దాదాపు సమానం. కానీ అక్కడ పొరలు, దీపాలు లేవు, శుద్ధి మామూలు దశతోనే ఆగుతుంది. ఏళ్ల తరబడి ఎండిన చెరువులు నిండాయి, రైతులకు అది చిన్న విషయం కాదు. మొదటి ఏడాదే ఒక చెరువులో నురగ పొంగి, వ్యవహారం కోర్టుదాకా వెళ్లింది. చెరువు నీరు ఇంకేది తాగే బోర్లలోకే. ఫెండార్ఫ్ బృందం చేసినట్టు నేల లోపల ఏం జరుగుతోందో ఏళ్ల తరబడి కొలవడం, ఆ లెక్కలు ఊరివాళ్లకు అందుబాటులో పెట్టడం అక్కడ అన్నిటికంటే ముందు జరగాలి.

హైదరాబాద్‌కు ఇంకో చిక్కు ఉంది. ఇప్పటిదాకా చెప్పిన శుద్ధి అంతా ఇళ్ల మురుగును దృష్టిలో పెట్టుకుని కట్టింది. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన యోకిమ్ లార్సన్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనం కోసం పటాన్‌చెరు దగ్గర ఒక ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొస్తున్న నీటిని పరీక్షించింది. సుమారు 90 మందుల తయారీ సంస్థల వ్యర్థజలం వచ్చే కేంద్రం అది. శుద్ధి తర్వాత కూడా ఆ నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. నానోగ్రాముల్లో మాట్లాడే రంగంలో అది మిల్లీగ్రాము! యాంటీబయాటిక్‌లకు లొంగని బాక్టీరియా పెరగడానికి అంతకంటే అనువైన చోటు ఉండదు. పరిశ్రమల వ్యర్థాన్ని ఇళ్ల మురుగులో కలవనివ్వకుండా ఫ్యాక్టరీ గోడ దగ్గరే ఆపడం ఆరెంజ్ కౌంటీ పద్ధతిలో మొదటి అంచె. మనం తీసుకురావాల్సింది ముందు దాన్ని, పొరలను తర్వాత.

పొరలు తెచ్చుకున్నా ఆర్‌ఓ వంద లీటర్లు తీసుకుంటే 85 మంచివి ఇచ్చి, 15 లీటర్లలో ఉప్పు, మలినాలన్నీ గాఢంగా వెనక్కిస్తుంది. ఆరెంజ్ కౌంటీ ఆ నీటిని పసిఫిక్‌లోకి వదులుతుంది. విశాఖకు ఆ వీలుంది. హైదరాబాద్, కర్నూలు, అనంతపురం ఎక్కడికి వదులుతాయి? సముద్రానికి దూరంగా ఉన్న నమీబియా రాజధాని విండ్‌హోక్ 1968 నుంచే మురుగును శుద్ధి చేసి నేరుగా తాగునీటి పైపుల్లోకి పంపుతోంది, అదీ ఆర్‌ఓ లేకుండానే. ఓజోన్, దాని వెనక బాక్టీరియా పెరిగిన యాక్టివేటెడ్ కార్బన్, ఆపై సూక్ష్మ రంధ్రాల పొరతో వడకట్టే అల్ట్రాఫిల్ట్రేషన్. 2002లో కట్టిన కొత్త ప్లాంటు రోజుకు 2.1 కోట్ల లీటర్లు ఇస్తుంది. ఓజోన్ పెద్ద అణువులను ముక్కలు చేస్తుంది, ఆ ముక్కలను బాక్టీరియా తింటుంది, మిగిలినదాన్ని కార్బన్ పట్టుకుంటుంది. గాఢమైన ఉప్పునీరు మిగలదు, కరెంటు ఖర్చూ తక్కువ. లోతట్టు నగరాల కోసం విశ్వవిద్యాలయాలు ఇప్పుడు ఈ పద్ధతి మీద శ్రద్ధ పెడుతున్నాయి, మన ఐఐటీలు, జేఎన్‌టీయూలు కూడా చేతులు కలపదగ్గ చోటు ఇదే.

దీనికీ ఒక పరిమితి ఉంది: ఓజోన్ గానీ కార్బన్ గానీ ఉప్పును తీయవు. తాగి, కడిగి, మళ్లీ తాగే ప్రతి చుట్టులో నీటిలో ఉప్పు కొంత పెరుగుతుంది. విండ్‌హోక్ ఆ నీటిని డ్యామ్‌ల నుంచి వచ్చే నీటితో కలిపి పంపిణీ చేస్తుంది, అందుకే నెట్టుకొస్తోంది. హైదరాబాద్‌లో అలా కలపడానికి ఉన్నవి కృష్ణా, గోదావరి నీళ్లు. వాటిని ఇప్పటికే వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి పంపులు పెట్టి ఎగువకు తెచ్చుకుంటున్నాం. ప్రతి లీటరు నది నీటికి ఎంత మూసీ నీరు కలపవచ్చు, ఎన్ని చుట్ల దాకా ఉప్పు హద్దులో ఉంటుంది అన్న లెక్కను ఇక్కడి నేల, ఇక్కడి మురుగు, ఇక్కడి ఎండలు తీసుకుని ఇక్కడి ప్రయోగశాలల్లోనే వేయాలి.